ముప్ఫయి ఆరు నిమిషాల పని

చెయ్యెత్తకుండా కూర్చుని ఉండాల్సింది. కాసేపు ఆగి, మేస్త్రి చెప్పేది చివరిదాకా విని ఉంటే అసలు ఈ గొడవే లేదు. కానీ చిటికె ఆగే మనిషా? మేస్త్రి మాట సగంలో ఉండగానే చెయ్యి గాల్లోకి లేచిపోయింది.

చిటికె అన్నది తల్లి పెట్టిన పేరు కాదు. ఎవరింటికి టీవీ కేబుల్ లాగడానికి వెళ్ళినా గుమ్మంలోనే "చిటికెలో అయిపోతుందండీ" అంటాడు. అనడమే కాదు, చేసి చూపిస్తాడు కూడా. మిగతావాళ్ళు రోజంతా చెమటోడ్చి నాలుగిళ్ళు చేస్తే, అతను ఏడిళ్ళు చేసి ఈలేసుకుంటూ వస్తాడు. మనిషి మంచివాడే, మనసులో ఏదీ దాచుకోడు. పొగిడితే మాత్రం మునగచెట్టు ఎక్కేస్తాడు. ఎక్కినవాణ్ణి దింపడం ఎవరి తరమూ కాదు.

ఆ ఉదయం గోడౌన్‌లో అందరూ తలా ఒక కేబుల్ చుట్ట మీద కూర్చుని టీ తాగుతున్నారు. మేస్త్రి ఫోన్ జేబులో పెట్టుకుంటూ వచ్చి, "కంపెనీ వాళ్ళు బయటినుంచి ఒక మేడమ్‌ని పంపిస్తున్నారు. మనలో ఒకరి పక్కన నిలబడి పని చూస్తుందంట. మాంఛి పనిమంతుడు కావాలంట..." అన్నాడు. సరిగ్గా అక్కడే లేచింది ఆ చెయ్యి.

మేస్త్రి ఆ చెయ్యి వైపు చూసి, "...వాచీ పట్టుకుని, ఒక కనెక్షన్‌కి ఎన్ని నిమిషాలు పడుతుందో చూస్తుందంట. ఆ నిమిషాల్ని బట్టే అందరికీ కొత్త రేటు," అని పూర్తి చేశాడు.

టీ గుటకలు ఆగిపోయాయి. సంగతేమిటంటే, వీళ్ళు కంపెనీ మనుషులు కారు. కంపెనీ దగ్గర ఒక కాంట్రాక్టరు పని తీసుకుంటాడు, అతని దగ్గర మేస్త్రి తీసుకుంటాడు, మేస్త్రి దగ్గర వీళ్ళు చేస్తారు. పైన కుండతో పోసింది ఇన్ని చేతులు దాటి కిందికొచ్చేసరికి అరచేయి తడవడమే గొప్ప. కనెక్షన్‌కి ఇంత అని ఏడేళ్ళ కిందట కట్టిన రేటే ఇప్పటికీ నడుస్తోంది, కింది వాటాకైనా అయిదో అంతస్తుకైనా అదే. రెండు నెలల కిందట అందరూ పని ఆపి గోడౌన్ ముందు కూర్చుంటే అప్పుడు కంపెనీ దిగొచ్చింది. బయటి మనిషి వచ్చి కొలుస్తుంది, ఆవిడ కాగితంలో ఎంత పడితే అంత ఇస్తాం అని రాసి సంతకం పెట్టింది. వీళ్ళూ పెట్టారు. అంత కష్టపడి సాధించుకున్నది ఇప్పుడు ఒక్క మనిషి చేతి వేగం మీద ఆధారపడింది, అదీ చిటికె చేతి మీద.

"నిన్ను కొలిస్తే మా అందరి నోట్లో మట్టే కదరా," అన్నాడు పెద్దాయన. అందరిలోకీ వయసులో పెద్ద, మోకాళ్ళ నొప్పులతో మెట్లు పక్కవాటుగా ఎక్కుతాడు. ఒక కనెక్షన్‌కి ఆయనకి గంటన్నర పడుతుంది.

"ఇప్పటికైనా చెయ్యి దించు అన్నయ్యా," అన్నాడు అదే జట్టులో పనిచేసే అతని తోడల్లుడు. చిటికె చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది మరి.

"ఇంకెక్కడి దించడం. పోయినేడాదే కంపెనీ వాళ్ళు మీలో ఫాస్టుగా చేసేదెవరు అంటే ఇతని పేరే చెప్పాను. ఇతనే ముందుకొస్తే ఎగిరి గంతేస్తారు," అన్నాడు మేస్త్రి. అన్నట్టే కంపెనీ పది నిమిషాల్లో సరేనంది.

చిటికె మొహం చిన్నబోయింది. పెద్దాయన లేచి వచ్చి భుజం మీద చెయ్యేశాడు. "దొంగపని చెయ్యమనట్లేదురా. ఒక్క ఇల్లు, ఒక్కటంటే ఒక్కటి, మామూలు మనుషులు చేసినట్టు చెయ్యి. మేమందరం బతుకుతాం."

"మీమీదొట్టు పెద్దాయనా, నత్తలా చేస్తాను," అన్నాడు చిటికె. నిజంగానే అన్నాడు పాపం.

సాయంత్రం ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే అతని ఇల్లాలు కడుపు చెక్కలయ్యేలా నవ్వింది. ముందు గదిలో చాప మీద కూర్చుని పని చేసుకుంటోంది ఆవిడ. కేబుల్‌ని గోడకి పట్టి ఉంచే క్లిప్పులు ఒక సంచీలో, వాటి మేకులు ఇంకో సంచీలో ఇస్తారు కంపెనీ వాళ్ళు, విడివిడిగా అయితే చవకట. ప్రతి క్లిప్పుకీ ఒక మేకు గుచ్చాలి. ఆవిడ గుచ్చుతూనే నవ్వుతోంది.

"మీరు నెమ్మదిగా చెయ్యడమేంటండీ. మన పెళ్ళిలో ఫొటోగ్రాఫరు రెడీ అనేలోపే మీరు కుర్చీలోంచి లేచిపోయారు. ఒక్క ఫొటోలోనూ మీ మొహం లేదు."

"వీడు పుట్టడమే నెల ముందు పుట్టాడు," అంది మంచం మీంచి అతని తల్లి. "మంత్రసాని చెప్పులు విప్పుకునేలోపే వచ్చేశాడు."

"మీ ఇద్దరికీ వేళాకోళంగా ఉంది. అక్కడ ఆరుగురి కడుపులు నామీద ఉన్నాయి," అన్నాడు చిటికె, ఉడుక్కుంటూ.

దాంతో ఇల్లాలు నవ్వు ఆపుకుని, నెమ్మదితనం నేర్పడానికి పూనుకుంది. ముద్ద ముప్ఫయిసార్లు నమిలి మింగమంది. ఆరోసారికే అతని గొంతు దాటిపోయింది. స్క్రూడ్రైవరిచ్చి తలుపు గొళ్ళెం మర బిగించమంది, మర తిప్పిన ప్రతిసారీ తను ఇరవై లెక్కపెట్టేదాకా ఆగాలని షరతు. ఆవిడ పద్నాలుగు దగ్గర ఉండగా గొళ్ళెం మొత్తం బిగించేసి, పక్కన వదులుగా ఉన్న కిటికీ రెక్క కూడా బాగుచేసి నిలబడ్డాడు. ఇంక లాభం లేదని ఆవిడ ఫోన్ తీసుకుని మర్నాటి ఇంటివాళ్ళతో మాట్లాడడంలో పడింది. ఒళ్ళో క్లిప్పుల పళ్ళెం, చెవికీ భుజానికీ మధ్య ఫోన్, వేళ్ళు మాత్రం ఒక్క క్షణం ఆగలేదు. ఆ వేళ్ళు ఏం చేస్తున్నాయో చిటికె చూడలేదు. పదకొండేళ్ళుగా చూడనివాడు ఆ పూట చూడకపోవడంలో వింతేముంది.

మర్నాడు పని మూడో అంతస్తులో ఒక బామ్మగారింట్లో పడింది. ఆవిడ ఒక్కతే ఉంటుంది, ఒకప్పుడు బళ్ళో లెక్కలు చెప్పేదట. వాచీ మేడమ్ అయిదు నిమిషాలు ముందే వచ్చింది. నెరిసిన జుట్టు, మెళ్ళో తాడుకి వేలాడే వాచీ, చేతిలో అట్ట, అట్టకి కాగితం. కంపెనీ తరపున వచ్చినతను టై కట్టుకుని వచ్చాడు కాబట్టి అతనికి అప్పటికప్పుడే టై బాబు అని పేరు పడిపోయింది. ఆ రోజు ఎవరికీ ఆ వీధిలో పని లేకపోయినా, మేస్త్రితో సహా ఆరుగురూ మెట్ల మీద వరసగా నిలబడి ఉన్నారు.

"మొదలుపెట్టండి," అంది మేడమ్.

చిటికె మొదలుపెట్టాడు. మెట్ల దగ్గరున్న పెట్టె మూత తీయడానికే రెండు నిమిషాలు తీసుకున్నాడు, నిద్రపోతున్న పసిపిల్లను ఉయ్యాల్లోంచి తీస్తున్నంత పదిలంగా. నిచ్చెన ఒక్కో మెట్టు ఎక్కి, ఎక్కిన ప్రతి మెట్టు మీదా నిలబడి అటూ ఇటూ చూశాడు. తోడల్లుడు మెట్ల మీంచి బొటనవేలు ఎత్తి చూపించాడు. పెద్దాయన మొహం విప్పారింది. అంతా సవ్యంగా జరిగిపోయేదే, బామ్మగారు నోరు విప్పకపోతే.

"ఒంట్లో బాగాలేదా నాయనా?" అంది ఆవిడ జాలిగా. "పోనీ పని తెలిసినవాణ్ణి ఎవరినైనా పంపమందామా?"

అంతే. పని తెలిసినవాణ్ణి అన్న మాట తగలరాని చోట తగిలింది. ఆ తర్వాత చిటికె నత్తనీ మర్చిపోయాడు, పెద్దాయన మీద వేసిన ఒట్టునీ మర్చిపోయాడు. డ్రిల్లు గుర్రుమంది, క్లిప్పులు టకటకా గోడకెక్కాయి, కేబుల్ వరండా దాటి, తలుపు పైనుంచి తిరిగి గదిలోకి దిగింది. చివర బిగించి, బొమ్మ వచ్చిందో లేదో చూసి, నేల మీద పడ్డ దుమ్ము కూడా ఊడ్చి, తువ్వాలుతో చేతులు తుడుచుకుని, "చిటికెలో అయిపోయింది చూశారా బామ్మగారూ," అనేశాడు. అన్నాక గుర్తొచ్చింది.

మేడమ్ వాచీ నొక్కింది. "ముప్ఫయి ఆరు నిమిషాలు."

టై బాబు మొహం వెలిగిపోయింది. పెద్దాయన తిట్టనైనా తిట్టలేదు, మెట్టు మీద కూర్చుని మోకాళ్ళు నిమురుకుంటున్నాడు. చిటికెకి తన చేతులంటే తనకే అసహ్యం వేసింది. ఆ ముప్ఫయి ఆరుతో రేటు కడితే పాత రేటు కూడా దక్కదు. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు.

మేడమ్ మాత్రం కాగితం మడవలేదు. "ఒక సందేహం ఉంది. లోపలికి వచ్చాక టీవీ ఎక్కడ పెడతారని మీరు ఎవర్నీ అడగలేదు, నేరుగా ఆ గోడ దగ్గరికే వెళ్ళారు. గోడకి టైల్స్ ఉన్నాయని చూడకముందే డ్రిల్లుకి టైల్స్ బిట్టు పెట్టుకుని ఉన్నారు. కేబుల్ ముక్క కోసుకొచ్చినది కోసుకొచ్చినట్టు సరిపోయింది, జానెడు మిగల్లేదు. ఇవన్నీ మీకెలా తెలుసు?"

అంత బాధలోనూ చిటికె ఛాతీ కాస్త ముందుకొచ్చింది. "అనుభవం మేడమ్."

"అనుభవమేంటి నాయనా," అంది బామ్మగారు. "నిన్న సాయంత్రం మీ ఆఫీసు అమ్మాయి ఫోన్ చేసి అన్నీ అడిగిందిగా. నాచేత టేపు పట్టించి గోడ కొలిపించింది. టైల్స్ ఉన్నాయా అంది, ప్లగ్గు ఎక్కడుంది అంది, పన్నెండులోపు నిద్రపోతారా అంది. ఎంత ఒద్దికైన పిల్ల."

టై బాబు కనుబొమలు ముడిపడ్డాయి. "మా ఆఫీసులో అలాంటి అమ్మాయెవరూ లేదే."

అందరూ చిటికె వైపు తిరిగారు. మేస్త్రి దగ్గరి మనిషి అని ఒక్క ముక్క అనేస్తే సరిపోతుంది. మేస్త్రి కాదనడు. పదకొండేళ్ళుగా మోస్తున్న పేరు పేరులాగే ఉంటుంది. నిజం చెబితే, తోటివాళ్ళందరి ముందూ, తోడల్లుడి ముందు కూడా, ఆ పేరులో సగం జారిపోతుంది. అతను మెట్ల వైపు చూశాడు. పెద్దాయన ఇంకా మోకాళ్ళే నిమురుకుంటున్నాడు.

"ఆఫీసు అమ్మాయి కాదండీ," అన్నాడు చిటికె. "మా ఆవిడ."

అని సంచీ తెచ్చి నేల మీద బోర్లించాడు. మేకులు గుచ్చి ఉన్న క్లిప్పులు డబ్బాల్లో ఉన్నాయి. చివర్లు ఒలిచి, కనెక్టరు తొడిగి, బిగించిన కేబుల్ ముక్కలు ఇంటికొకటి చొప్పున చుట్టలుగా ఉన్నాయి. ప్రతి చుట్టకీ అట్టముక్క కట్టి ఉంది, దానిమీద గుండ్రటి అక్షరాలతో మూడో అంతస్తు, టైల్స్ గోడ, తలుపు పైనుంచి అని రాసి ఉంది. "ఇదంతా ఆవిడే చేస్తుంది. పొద్దున్న సంచీ భుజానికి తగిలిస్తుంది, నేను వస్తాను. అడగడాలూ కొలవడాలూ కొయ్యడాలూ అన్నీ అయిపోయి ఉంటాయి కాబట్టి నాకు బిగించడమే మిగులుతుంది. మీరు కొలిచింది సగం పనే మేడమ్." చెబుతున్నంతసేపూ ఆ మాటలు అతనికే కొత్తగా వినిపించాయి. సిగ్గేసింది. ఆ వెంటనే మనసు తేలికపడింది కూడా.

"అది ఇంటి పని కిందికి వస్తుంది మేడమ్," అన్నాడు టై బాబు గబగబా. "ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఏదో చేతిసాయం చేస్తూనే ఉంటారు కదా."

"మీ ఇంట్లో మీ ఆవిడ క్లిప్పులకి మేకులు గుచ్చుతుందా?" అంది మేడమ్.

"మాకెందుకండీ మేకులు?"

"మరి ఇంటి పని ఎలా అయింది? ఈ కాగితంలో ఒక కనెక్షన్‌కి పట్టే సమయం అని ఉంది. ఏ గదిలో పడుతుంది అని లేదు."

"మా ఇంట్లో ఆ పని నేనే చేసుకుంటానమ్మా," అన్నాడు పెద్దాయన, లేచి నిలబడి. "మా అమ్మ చేస్తుంది," అన్నాడు తోడల్లుడు. మేడమ్ వాచీ సున్నాకి తిప్పి, "మీ ఇల్లు ఎంత దూరం?" అంది చిటికెతో.

చెప్పా పెట్టకుండా అంతమంది వచ్చి గుమ్మంలో నిలబడేసరికి ఇల్లాలు కుర్చీల మీద ఆరేసిన బట్టలు ఒక్క ఊపున లాగి లోపల పడేసింది. "వీడు వచ్చేది ఎప్పుడూ ఇంతేనమ్మా, టైమూ పాడూ ఉండదు," అంది మంచం మీంచి అత్తగారు. సంగతంతా విన్నాక ఇల్లాలు మొగుడి వైపు చూసింది.

"మీరే చెప్పారా?"

"నేనే చెప్పాను."

ఆవిడ ఇంకాసేపు అలాగే చూసి, చేతులు తుడుచుకుని చాప పరిచింది. "నెమ్మదిగా చెయ్యమంటారా, రోజూలాగా చెయ్యమంటారా?" అని మేడమ్‌ని అడిగింది.

"రోజూలాగా."

"రోజూలాగా అయితే మధ్యలో అత్తయ్యకి మందులివ్వాలి. ఆ టైము తీసెయ్యండి. అది ఇంటి పనే."

మేడమ్ మొదటిసారి నవ్వింది, వాచీ నొక్కింది. ఇల్లాలు మర్నాటి చీటీ తీసి ఫోన్ కలిపింది. ఏ గోడ, ఏ గది, ప్లగ్గు ఎక్కడ, కప్పు ఎత్తెంత. "కుక్క ఉందాండీ? కరవదా? కరవదని మీరు చెబుతున్నారా, అది చెబుతోందా?" అంటూనే చుట్టలోంచి కేబుల్ లాగి, గచ్చు మీద గీసి ఉంచిన గీతల మధ్య కొలిచి కోసింది. చివర ఒలిచి, మెలి తీసి, కనెక్టరు తొడిగి నొక్కింది. తర్వాత క్లిప్పులు. డెబ్బయి క్లిప్పులకి డెబ్బయి మేకులు. ఇందులో ఏముందని తేల్చెయ్యడానికి టై బాబు కూడా కూర్చుని గుచ్చడం మొదలుపెట్టాడు. నాలుగోదానికి మేకు బొటనవేలిలో దిగింది. ఆవిడ పని ఆపకుండానే ఎడంచేత్తో డబ్బాలోంచి ప్లాస్టరు తీసిచ్చి, "ఈ టైము కూడా తీసెయ్యండి మేడమ్," అంది. గుమ్మంలో ఉన్న ఆరుగురూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు.

చిటికె గోడకి ఆనుకుని నిలబడి చూశాడు. ఒక్కచోట ఉండి ఇంతసేపు ఆవిడ పని చూడడం అతనికి ఇదే మొదలు. ఎవరూ చెప్పకుండానే కదలకుండా నిలబడ్డాడు.

"నలభై ఎనిమిది," అంది మేడమ్, మందుల టైమూ ప్లాస్టరు టైమూ తీసేసి. "అదీ ఇదీ కలిపి గంటా ఇరవై నాలుగు నిమిషాలు."

"వీళ్ళిద్దరూ ఇంత ఫాస్టుగా చేసినా అంత టైము పట్టిందా మేడమ్," అన్నాడు టై బాబు, వేలు పట్టుకుని. అన్నాక నాలిక్కరుచుకున్నాడు.

"అవును, మంచి మాట అన్నారు. మామూలు మనుషుల్ని కూడా కొలవాలి," అని మేడమ్ మర్నాడు పెద్దాయన పక్కనా, ఆ మర్నాడు ఇంకో ఇద్దరి పక్కనా నిలబడి కొలిచింది, ఇంటి దగ్గరి పనితో సహా. పెద్దాయన గడప గడపకీ ఆగుతూ, మెట్టు మెట్టుకీ నిట్టూరుస్తూ, దేనికీ సంకోచించకుండా ఎప్పట్లాగే చేశాడు.

వారం తిరక్కుండా గోడౌన్ గోడ మీద కాగితం అంటించారు. కొత్త రేటు పాతదానికి దాదాపు రెట్టింపు. మూడో అంతస్తు దాటితే దానిమీద ఇంకొంచెం. బిగించే పనికి ఒక రేటు, సిద్ధంచేసే పనికి వేరే రేటు, ఎవరు చేస్తే వాళ్ళ చేతికే. పెద్దాయన వేలుపెట్టి ప్రతి వరసా చదివి, చదివినదే మళ్ళీ చదివి, "ఇంక రోజుకి మూడిళ్ళు చాల్రా నాకు. మధ్యాహ్నం కాసేపు కాళ్ళు చాపుకుంటాను," అన్నాడు. ఆ మాటకి చిటికె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తోడల్లుడు చిటికెని ఎత్తుకుని గిరగిరా తిప్పాడు. మేస్త్రి అందరికీ తన సొంత ఖర్చుతో టీ తెప్పించాడు, ఇలాంటిది ఎవరి జ్ఞాపకంలోనూ లేదు.

సిద్ధంచేసే పని రేటు అందుకోవాలంటే చేసేవాళ్ళు వచ్చి పేరు రాయించుకోవాలన్నారు. ఆ రోజు గోడౌన్ కిటకిటలాడింది. భార్యలూ తల్లులూ ఒక మామగారూ కేబుల్ చుట్టల మీద సర్దుకు కూర్చున్నారు. పెద్దాయన మాత్రం రెండు వరసల్లోనూ తనే నిలబడ్డాడు. బల్ల దగ్గర రాసేది టై బాబే, వేలికి ఇంకా కట్టు ఉంది. చిటికె ఇల్లాలి వంతు వచ్చింది. పేరు రాశాడు, వయసు రాశాడు, చిరునామా రాశాడు.

"ఏం పని చేస్తారు?"

ఇలాంటి గడి ఆవిడ చాలా కాగితాల్లో చూసింది. బళ్ళో, బ్యాంకులో, ఆసుపత్రిలో, ఎక్కడైనా సరే ఆవిడ నోరు తెరిచేలోపే ఎవరో ఒకరు గృహిణి అని చెప్పేసేవారు. ఎక్కువసార్లు చెప్పింది పక్కనున్న ఈ మొగుడే. ఇప్పుడూ అలవాటుకొద్దీ నోరు తెరిచాడు. తెరిచి, మూసేసుకుని, ఆవిడ చెప్పేదాకా ఆగాడు.

"కేబుల్ పని," అందావిడ. "పదకొండేళ్ళ అనుభవం."

టై బాబు తలెత్తకుండా రాసుకుంటూ, "మీ ఇంట్లో ఇంకెవరైనా ఈ పని చేస్తారా?" అన్నాడు.

ఆవిడ పక్కకి తిరిగి చిటికెని ఒకసారి పైనుంచి కిందిదాకా చూసింది.

"మా ఆయన చేస్తారండీ. నా దగ్గరే."

గోడౌనంతా గొల్లుమంది. తోడల్లుడు చుట్ట మీంచి జారి కింద పడ్డాడు. టై బాబు కలం పట్టుకుని చిటికె వైపు చూశాడు, ఇది రాయాలా వద్దా అన్నట్టు.

"నిజమేనండీ," అన్నాడు చిటికె, అందరికంటే గట్టిగా నవ్వుతూ. "రాసుకోండి."